సుంకన్న బండి డబుల్ స్టాండు

నేను బిగించిన స్టాండు నాలుగో రోజుకే ఊడింది. బజారు మధ్యలో, ఇంజను నడుస్తుండగా.

బండి సుంకన్నది. ఆదోని మార్కెట్ వీధిలో కత్తులకు, కొడవళ్ళకు సాన పడతాడు. సానరాయి ఆ బండికే బిగించి ఉంటుంది. డబుల్ స్టాండు వేస్తే వెనక చక్రం నేల విడిచి నాలుగు వేళ్ళు పైకి లేస్తుంది. ఇంజను స్టార్ట్ చేసి గేరు వేస్తే చక్రం గాలిలో తిరుగుతుంది. చక్రానికి తగిలించిన బెల్టు సానరాయిని తిప్పుతుంది. మన బండ్లకు స్టాండు పని ఆపినప్పుడే. సుంకన్న బండికి నడిచేటప్పుడు.

ఆ రోజు కుడివైపు బోల్టు వదులై బయటికి జారింది. స్టాండు ఒరిగింది. తిరుగుతున్న చక్రం నేలకు తగిలి బండి ముందుకు దూకింది. సానరాయి రెండు ముక్కలైంది. సుంకన్న మోచెయ్యి దోక్కుపోయింది. కత్తి ఇచ్చి ఎదురుగా నిలబడ్డ మటన్ కొట్టాయన సమయానికి పక్కకు గెంతాడు కాబట్టి అతని కాలు అతనికి మిగిలింది.

బక్రీదుకు ఎనిమిది రోజులుంది. సాన పట్టేవాడికి ఏడాదంతటికీ పంటకాలం అదే.

సుంకన్న బండిని తోసుకుంటూ షాపుకు తెచ్చాడు. మోచేతికి తువ్వాలు చుట్టుకుని ఉన్నాడు.

"ఏమక్కా ఇట్ల చేస్తివి? నీ చేతికిచ్చి నాలుగు దినాలు కాలే."

నేను బండి వైపు చూశాను. అతని మోచేతి వైపు చూశాను. వెంటనే నోటికొచ్చిన మాట అనేశాను.

"పాత బోల్టు సుంకన్నా. పాతికేళ్ళ బండి. నేనేం చేసేది?"

షాపు లోపల దస్తగిరి ఉస్తాద్ కార్బురేటర్ విప్పుకుని కూర్చున్నాడు. తల ఎత్తలేదు. చేతిలోని చిన్న స్క్రూను మాత్రం పళ్ళెంలో పెట్టేశాడు.

ఉస్తాద్ దగ్గర నేను పని నేర్చుకోవడం మొదలుపెట్టి అప్పటికి రెండేళ్ళు. అంతకుముందు పదహారేళ్ళు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పాను. కాలేజీ మూతపడింది. నలభై నాలుగేళ్ళ వయసులో ఈ షాపుకొచ్చి, "నాకు పని నేర్పుతారా?" అని అడిగితే, ఉస్తాద్ నా చేతులు చూసి, "గోర్లు కత్తిరించుకుని రా మేడం" అన్నాడు. అంతే, వేరే ప్రశ్నలేమీ అడగలేదు.

పండగ వెళ్ళిన సోమవారం నా సొంత షాపు తెరవాలి. అద్దెకు గది తీసుకున్నాను. 'ఇందుమతి టూవీలర్ వర్క్స్' అని బోర్డు రాయించాను. సుంకన్న బండి నేను ఒంటరిగా చేసిన మొదటి పని. స్టాండు తుప్పు పట్టి వంగిపోతే విప్పి, సరిచేసి, రంగు వేసి మళ్ళీ ఎక్కించాను. ఉస్తాద్ దగ్గరికి కూడా రాలేదు. అది మేమిద్దరం అనుకున్న ఏర్పాటే. చూడనన్నాడు, చూడలేదు.

"సుంకన్నా, నువ్వు పోయి చేతికి మందు పెట్టించుకో," అన్నాడు ఉస్తాద్. "సాయంత్రం రా."

"సాయంత్రానికి అయితాదా ఉస్తాద్? ఇంటికాడ ఇంకో రాయి ఉండాది. బండే లేదు నాకు."

"రా, చూద్దాం."

అతను వెళ్ళాక ఉస్తాద్ బండి దగ్గర గొంతుక్కూర్చున్నాడు. ఊడిన బోల్టును సుంకన్న బజారులో వెతికి జేబులో వేసుకొచ్చాడు. ఉస్తాద్ దాన్ని నా చేతికిచ్చాడు.

"పాత బోల్టు అంటివి కదా. దీనికేమయింది?"

అది మామూలు బోల్టు కాదు. తల కింద కొంత దూరం నున్నటి మెడ, ఆ తర్వాతే మరలు. స్టాండు ఆ నున్నటి మెడ మీద తిరుగుతుంది. మరలు ఫ్రేములోని రంధ్రంలోకి దిగి, మెడ అంచు ఫ్రేముకు గట్టిగా ఆనుకోవాలి. ఆ బండి చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. ఆ బోల్టులు కొత్తవి ఎక్కడా దొరకవు. అందుకే పాతవే వాడాను. ఇంజను అదురుకు వదులు కాకుండా మరలకు ఒక జిగురు పూస్తాం. మా షాపులో దాన్ని నీలం మందు అంటారు. ఆరితే రాయిలా పడుతుంది. నేను అది కూడా మరిచిపోలేదు.

అదే చెప్పాను.

"నీలం మందు పూశాను ఉస్తాద్. టార్క్ పానాతో బిగించాను. ఎంత బలం పెట్టాలో అంతే పెట్టాను. పానా టిక్కుమంది."

ఆ పానా నా సొంతం. కాలేజీ వాళ్ళిచ్చిన ఆఖరి జీతంతో కొన్నాను. మనం పెట్టాలనుకున్న బలం దాని మీద అంకెతో పెట్టుకుంటే, అక్కడికి రాగానే టిక్కుమంటుంది. ఉస్తాద్ నలభై ఏళ్ళుగా అలాంటిది లేకుండానే పని చేస్తున్నాడు. ఆ సంగతి నాకు లోపల కొంచెం నవ్వు తెప్పించేది. దాచుకోవడం దేనికి, గర్వమే.

"టిక్కుమనింది పానా," అన్నాడు ఉస్తాద్. "బోల్టు ఏమనింది?"

నేను బోల్టును పళ్ళెంలో పెట్టాను.

"లేత్ పనివాడికి ఇచ్చి కొత్తవి చేయిద్దాం," అన్నాను. "వారం పడుతుందేమో. పాతవాటిని నమ్మలేం."

ఉస్తాద్ స్టాండు పూర్తిగా విప్పెయ్యమన్నాడు. ఎడమ బోల్టు చచ్చినా కదల్లేదు. మంట చూపించి, వేడెక్కాక తిప్పితే వచ్చింది. స్టాండును పక్కన పెట్టాను. ఉస్తాద్ లేచి, నా పనిముట్ల పెట్టె మూత వేసి, దాని మీద కూర్చున్నాడు.

"ఇప్పుడు ఉత్త బోల్టు బిగించు. కుడిది."

"దేంతో?"

"అల్లా పది ఇచ్చినాడు కదా."

చూపుడువేలు, బొటనవేలు పెట్టి తిప్పాను. ఒక చుట్టు. రెండు. మూడోది బరువుగా తిరిగింది. నాలుగో దాంట్లో ఆగిపోయింది. ఇంకా బలం పెట్టాను. వేళ్ళ తోలు ఎర్రబడింది గానీ బోల్టు కదల్లేదు.

"బిగిసింది," అన్నాను.

"బిగిసిందా?"

వంగి చూశాను. మెడ అంచుకూ ఫ్రేముకూ మధ్య అరవేలు సందు ఉంది. మొన్న స్టాండు అడ్డం ఉంది కాబట్టి ఈ సందు నాకు కనపడే వీలే లేదు.

"ఎవరు ఆపినారు దాన్ని?" అన్నాడు ఉస్తాద్.

బోల్టును వెనక్కి తిప్పి బయటికి తీశాను. వెలుతురులోకి పట్టుకుని చూశాను. మరల మధ్య గాడుల్లో తెల్లగా, నీలంగా ఎప్పటిదో పాత మందు పొడి గడ్డకట్టి ఉంది. దాని మీద నేను పూసిన కొత్త మందు ఉంది. పాతదాని మీదే పూశాను. టార్చి వేసి ఫ్రేము రంధ్రంలోకి చూశాను. లోపల అంతకంటే దట్టంగా ఉంది. బోల్టును గుడ్డతో తుడిచినట్టు నాకు గుర్తు. రంధ్రంలోకి చూసినట్టు గుర్తు లేదు. చూడలేదు.

అప్పుడు అర్థమైంది. పానా కొలిచేది నా చేతి బలాన్ని. ఆ బలం దేనికి ఖర్చయిందో దానికి తెలియదు. నేను పెట్టిన బలమంతా పాత గడ్డను తోసుకుంటూ పోవడానికే సరిపోయింది. మెడ ఫ్రేముకు ఆనక ముందే పానా టిక్కుమంది. నేను పానాను మెచ్చుకుని లోపల పెట్టేశాను.

పదహారేళ్ళు పిల్లలకు ఘర్షణ పాఠం చెప్పినదాన్ని నేనే.

ఉస్తాద్ బోల్టు తీసుకుని, పాత గాజు పలక మీద పెట్టి దొర్లించాడు. ఎక్కడా ఎగరకుండా, వంకర లేకుండా నున్నగా దొర్లింది. గోటితో మరల మీద గీశాడు. ఎక్కడా చితకలేదు.

"వారం ఎందుకు మేడం?" అన్నాడు. "ఇది గట్టిదే."

మధ్యాహ్నమంతా శుభ్రం చేశాను. వైర్ బ్రష్షు, పెట్రోలు, చీపురుపుల్ల. బోల్టుది గంటలో అయింది. రంధ్రంతోనే కష్టం. బ్రష్షు లోపలికి పోదు. ఉస్తాద్ పాత సామాన్ల డబ్బాలో వెతికి అదే మరలున్న మామూలు బోల్టు ఒకటి తీశాడు. హాక్సా బ్లేడుతో మరల మీదుగా నిలువునా రెండు గాట్లు కోశాడు. అది నా చేతిలో పెట్టాడు. దాన్ని రంధ్రంలోకి కొంచెం తిప్పి వెనక్కి తీస్తే, ఆ గాట్లలో పాత మందు పొడి నిండి బయటికి వచ్చింది. తుడిచి మళ్ళీ తిప్పడం. తుడిచి మళ్ళీ తిప్పడం. ఎన్నిసార్లో లెక్క పెట్టలేదు.

"ఎడమది ఊడలేదు కదా ఉస్తాద్, దాన్ని కూడా చెయ్యాలా?"

"ఊడనిది మంచిదని ఎవరు చెప్పినారు? దాని వంతు ఇంకా రాలేదేమో."

ఎడమది కూడా చేశాను.

నాలుగింటికి కుడి బోల్టును మళ్ళీ రెండు వేళ్ళతో పట్టుకున్నాను. ఈసారి మూడో చుట్టు బరువెక్కలేదు. నాలుగు, అయిదు, ఆరు. నీళ్ళలోకి దిగినట్టు దిగి, మెడ ఫ్రేముకు ఠక్కున ఆనింది. సందు లేదు. చిన్న శబ్దమే. టిక్కుమన్న శబ్దం కంటే నాకు అదే గట్టిగా వినపడింది.

ఉస్తాద్ పెట్టె మీది నుంచి లేచాడు. "ఇంక నీ పానా తీసుకో. ఇప్పుడు అది నిజమే చెప్తుంది."

పెట్రోలు తడి పూర్తిగా ఆరేదాకా ఆగి, స్టాండు ఎక్కించి, కొత్త మందు పూసి బిగించాను. పూర్తయ్యేసరికి సుంకన్న వచ్చాడు. కొత్త కట్టు, కొత్త చొక్కా. బోల్టు తలలు చూడగానే గుర్తుపట్టాడు.

"అక్కా, ఇవి మళ్ళీ పాతవే కదా."

"అవే."

"పొద్దున పాతవి కాబట్టి ఊడినాయంటివి. ఇప్పుడు అవే ఎక్కిస్తివి. నన్నేమన్నా పిచ్చోణ్ణి అనుకున్నావా?"

షాపులో ఇంకెవరూ లేరు. ఉస్తాద్ టీ తాగుతున్నాడు. ఆయన ఏమన్నా అంటాడేమో అని ఒక్క క్షణం చూశాను. గ్లాసులోకి ఊదుకుంటున్నాడు.

"బోల్టు తప్పు కాదు సుంకన్నా," అన్నాను. "తప్పు నాది. లోపల పాత మందు ఉంది. తియ్యకుండానే బిగించాను. పొద్దున నీతో అబద్ధం చెప్పాను. చెప్పేటప్పుడు నాకు అది అబద్ధమని తెలియదు. కానీ నిజమేమిటో చూడకుండానే చెప్పాను."

సుంకన్న తల గోక్కున్నాడు. తిట్టడానికి వచ్చినవాడికి తిట్టే పని లేకుండా పోయింది.

"సరేలే. బండి ఇయ్యి మరి."

"ఇవ్వను. మందు ఆరడానికి ఒక రోజు పడుతుంది. ఎల్లుండి పొద్దున రా."

"అక్కా! పండగ ముందర రెండు దినాలు!"

"రెండు రోజులు పోతాయి. ఈరోజు ఇస్తే బక్రీదు మొత్తం పోవచ్చు."

గొణుక్కుంటూ వెళ్ళాడు. నేను చేతులు కడుక్కుని వచ్చి ఉస్తాద్ ఎదురుగా కూర్చున్నాను.

"సోమవారం షాపు తెరవను ఉస్తాద్. ఇంకో ఏడాది ఇక్కడే ఉంటాను."

ఆయన గ్లాసు కింద పెట్టాడు.

"సుంకన్న పని చేసేటప్పుడు యాడ కూర్చుంటాడు?"

"బండి పక్కన."

"ఏ పక్కన?"

నాకు తెలియదు. సుంకన్నను పని చేస్తుండగా నేను ఒక్కసారి కూడా చూడలేదు. బండి వచ్చింది, స్టాండు పాడైంది, బాగు చేశాను. ఆ స్టాండు పక్కన ఒక మనిషి కూర్చుంటాడన్న సంగతి నాకు తట్టలేదు.

ఉస్తాద్ లేచి గ్లాసు కడిగి బోర్లించాడు.

చెప్పినట్టే మూడో రోజు పొద్దునే సుంకన్న ఇంటి దగ్గరున్న రాయితో వచ్చాడు. రాయి బిగించాడు. బెల్టు తగిలించాడు. డబుల్ స్టాండు వేసి, ఇంజను స్టార్ట్ చేసి గేరు వేశాడు. వెనక చక్రం గాలిలో గిర్రున తిరిగింది. స్టాండు కాళ్ళు సిమెంటు నేల మీద సన్నగా అదిరాయి.

సుంకన్న తన పీట చంకలో పెట్టుకుని నిలబడ్డాడు. కూర్చోలేదు. మోచేతి కట్టును రెండో చేత్తో పట్టుకుని స్టాండు వైపే చూస్తున్నాడు.

"బాగానే ఉండాది," అన్నాడు. అడుగు మాత్రం ముందుకు వెయ్యలేదు.

ఉస్తాద్ అతని చంకలోంచి పీట తీసుకున్నాడు. వెనక చక్రానికి ఎడమ పక్కన, సానరాయి ఎదురుగా వేశాడు. వేసి, నా వైపు తిరిగాడు. రమ్మనలేదు, కూర్చోమనలేదు. అట్లాగే నిలబడ్డాడు.

నేను వెళ్ళి కూర్చున్నాను.

అక్కడి నుంచి చూస్తే అది వేరే బండి. నా మోకాలికీ తిరిగే చక్రానికీ మధ్య జానెడు దూరం లేదు. బెల్టు గాలి మొహానికి కొడుతోంది. రాయి నా గుండెకు సూటిగా తిరుగుతోంది. ఒళ్ళంతా సన్నటి అదురు. నేను బిగించిన రెండు బోల్టులు ఎక్కడున్నాయో చూడకుండానే తెలుస్తోంది. బిగించేటప్పుడు ఎప్పుడూ అంత బాగా తెలియలేదు.

పది నిమిషాలైంది. ఇరవై అయింది. లేవబుద్ధి కాలేదని కాదు. లేస్తే సుంకన్న కూర్చోవాలి, అందుకని లేవలేదు.

ఉస్తాద్ లోపలికి వెళ్ళి గుడ్డలో చుట్టిన కత్తి ఒకటి తెచ్చాడు. పండగకు వాళ్ళింట్లో వాడే కత్తి. నా చేతిలో పెట్టాడు.

"ఊరికే కూర్చుంటే ఎట్ల? పట్టు."

పట్టాను. రాయికి ఆనించానో లేదో నిప్పురవ్వలు మొహాన కొట్టాయి, కత్తి చేతిలో ఎగిరింది.

"ఓయమ్మా! అట్ల కాదక్కా!" సుంకన్న ఒక్క గెంతులో వచ్చాడు. "ఏలు పోతాది! కత్తి నిలబెట్టి పడ్తారా యాడన్నా? ఏం సదువుకున్నావక్కా నువ్వు? లే, లే ఆడనుంచి."

నన్ను పక్కకు జరిపి, పీట లాక్కుని కూర్చున్నాడు. కత్తిని పడుకోబెట్టి రాయి మీద ఏటవాలుగా జార్చాడు. రవ్వలు ఒక్క వరసలో కిందికి పారాయి.

"ఇట్ల. చూసినావా? రాయి మీద నూక్కూడదు. ఆనించాల అంతే. బరువు కత్తిది, మనది కాదు."

"ఇంకోసారి చూపించు," అన్నాను.

చూపించాడు. అటు, ఇటు తిప్పి రెండు వైపులా పట్టాడు. బొటనవేలితో అంచు తడిమి, తృప్తిగా తలాడించాడు. ఆ కత్తి అయిపోయేదాకా తను ఎక్కడ కూర్చున్నాడో అతనికి గుర్తు లేదు. గుర్తొచ్చాక కిందికి వంగి స్టాండు వైపు ఒకసారి చూశాడు. లేవలేదు.

"ఇంకేమన్నా ఉంటే తేండి," అన్నాడు. "ఈ చేత్తోనే పట్టేస్తా."

షాపులో ఉన్న రెండు కత్తెరలు, పక్క హోటలు వాళ్ళ కూరగాయల కత్తి కూడా అయ్యాయి. ఎనిమిదిన్నరకు బండి ఎక్కి బజారుకు వెళ్ళిపోయాడు.

బండి మలుపు తిరిగేదాకా నిలబడి చూశాను.

"ఇంక ఊడదని చెప్పొచ్చా ఉస్తాద్?"

ఉస్తాద్ చేతులు తుడుచుకుంటున్నాడు.

"బిగించింది నువ్వు మేడం. కూర్చునేది ఆయప్ప."

అని లోపలికి వెళ్ళి తన కార్బురేటర్ ముందేసుకున్నాడు. సోమవారం బోర్డు కట్టడానికి నిచ్చెన ఎవరిది తెచ్చుకుంటావని అక్కడినుంచే అడిగాడు. మీదే తీసుకుపోతానన్నాను.

పండగకు ఇంకా ఆరు రోజులుంది. అప్పటిదాకా రోజూ పొద్దున ఏడింటికి మార్కెట్ వీధికి వెళ్ళాలని, సుంకన్న ఇంజను స్టార్ట్ చేశాక మొదటి పావుగంట ఆ పీట మీద నేనే కూర్చోవాలని అక్కడ నిలబడే అనుకున్నాను.

మొదటి రోజు సుంకన్న నవ్వాడు. రెండో రోజు మటన్ కొట్టాయన ఎవరీమె అని అడిగాడు. నాలుగో రోజు వాన పడింది. ఆ రోజు కూడా వెళ్ళాను.